మూడు నెలల బియర్డెడ్ డ్రాగన్: సూపర్‌వర్మ్స్ తప్ప ఇంకేమీ ముట్టడం లేదు, పెరుగుదల ఆగిపోయింది

ప్లేనో_అమ్మ:

అందరికీ నమస్కారం. డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటాం. మా బాబు కోసం తెచ్చిన బియర్డెడ్ డ్రాగన్‌కి (ఎడారి జాతి పెంపుడు బల్లి) సుమారు మూడు నెలలు. ముక్కు నుంచి తోక చివరిదాకా 8 అంగుళాలు, బరువు 22 గ్రాములు. రెండు వారాలుగా ఆ అంకె కదలడం లేదు.

తిండి: రోజుకి ఆరేడు సూపర్‌వర్మ్స్ (మేతగా అమ్మే పెద్ద పురుగులు). అవి మాత్రం ఎగబడి తింటుంది. చిమ్మటలు (క్రికెట్స్) వేస్తే ఒకటి రెండు తిని మొహం తిప్పేస్తుంది. డూబియా బొద్దింకలు వేస్తే చూసి ఊరుకుంటుంది. ఆకుకూరల్లో పాలకూర, లేత గోంగూర సన్నగా తరిగి పెట్టాను, వాసన కూడా చూడలేదు. విటమిన్ డీ3 కలిసిన కాల్షియం పొడి రోజూ పురుగులకి అద్దుతున్నాను.

ఇల్లు: 20 గ్యాలన్ల గాజు తొట్టె, పైన ఇనుప జాలీ. ఆ జాలీ మీద 75 వాట్ల వేడి బల్బు, పక్కనే మెలికలు తిరిగిన చిన్న యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే) బల్బు. వెనక గోడకి అతికించిన గుండ్రటి థర్మామీటరు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది. కింద ఇసుక. ఎండ తగులుతుందని తొట్టెని కిటికీ పక్కన పెట్టాం.

ఆకులు ఎలా అలవాటు చేయాలి? సూపర్‌వర్మ్స్ ఒక్కసారిగా ఆపేస్తే తిండి పూర్తిగా మానేస్తుందేమోనని భయంగా ఉంది.

బల్లిబడి:

అమ్మా, తిండి సంగతి తర్వాత. మీరు రాసిన దాంట్లో నాకు ముందు కనిపించింది ఆ గుండ్రటి థర్మామీటరు. అది చెప్పేది గోడ దగ్గర గాలి వేడి, అదీ సరిగ్గా చెప్తుందన్న నమ్మకం లేదు. డ్రాగన్ పొట్టకి తగిలేది బల్బు కింద అది కూర్చునే రాయి వేడి. ఈ జంతువు ఒంట్లో వేడి పుట్టదు, బయట నుంచి తెచ్చుకోవాలి. రాయి చల్లగా ఉంటే మింగిన పురుగు కడుపులో అలాగే కూర్చుంటుంది, ఆకలి వేయదు. అలాంటప్పుడు బాగా కదిలే, కొవ్వు ఎక్కువున్న పురుగు ఒక్కటే నోరూరిస్తుంది. జనం దాన్ని పేచీ అనుకుంటారు. పేచీ పెడుతోందని వచ్చే పిల్లల్లో చాలావాటికి అసలు కారణం ఈ చలే.

15, 20 డాలర్లలో దొరికే ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ కొనండి. బల్బు వేసిన గంట తర్వాత, డ్రాగన్ కూర్చునే చోటే గురిపెట్టి చూడండి. ఈ వయసు పిల్లకి ఆ రాయి 105 నుంచి 110 ఫారెన్‌హీట్ ఉండాలి, అంటే 40 నుంచి 43 సెల్సియస్. అవతలి చల్ల వైపు 80, 85 మధ్య. రెండు వైపులా తేడా తప్పకుండా ఉండాలి, లేకపోతే ఒళ్ళు చల్లార్చుకోవడానికి దానికి చోటుండదు. రాత్రి లైట్లన్నీ ఆపేయండి. 65 కంటే దిగనంత వరకు రాత్రి వేడి అక్కర్లేదు, మీ ఇంట్లో ఏసీ నడిచినా అంత చల్లబడదు. ఎర్ర బల్బులు, నల్ల బల్బులు వద్దు.

వేడి తక్కువగా ఉంటే వెంటనే వాట్లు పెంచకండి. ముందు ఇంకో రాయి పేర్చి కూర్చునే చోటుని బల్బుకి దగ్గర చేయండి, గంట ఆగి మళ్ళీ కొలవండి. అప్పటికీ చాలకపోతే 100 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బు, దానికో డిమ్మరు. స్పాట్ బల్బు ఒకే చోట కాలుస్తుంది, ఫ్లడ్ వీపంతా పరుచుకుంటుంది. ఎంత దగ్గర చేసినా డ్రాగన్ వీపుకీ బల్బుకీ మధ్య కనీసం 8 అంగుళాలు వదలండి.

ఇక యూవీబీ. మెలికల బల్బు ఒకచోట కాస్త ఇస్తుంది, అడుగు దూరం పోతే ఏమీ మిగలదు. ఎడారి జంతువుకి పొడవాటి ట్యూబే కావాలి: టీ5 హెచ్‌ఓ రకం, ఆర్కేడియా 12 శాతం గానీ జూమెడ్ రెప్టీసన్ 10.0 గానీ. వేడి బల్బు ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి తొట్టె పొడవులో సగం నుంచి మూడింట రెండొంతుల వరకు రావాలి. ఇనుప జాలీ యూవీబీలో దాదాపు మూడో వంతు మింగేస్తుంది, కాబట్టి వీలైతే జాలీ లోపల బిగించండి. లోపలైతే డ్రాగన్ వీపు నుంచి 12, 15 అంగుళాలు, జాలీ పైనైతే 9 నుంచి 11. ఏడాదికోసారి మార్చాలి, ఎందుకంటే వెలుతురు బాగానే కనిపిస్తుంది కానీ యూవీబీ తగ్గిపోతుంది. రోజుకి 12 నుంచి 14 గంటలు, టైమరు పెట్టేయండి.

కిటికీ దగ్గర నుంచి తొట్టెని తీసేయండి. గాజు యూవీబీని ఆపేస్తుంది, లోపలికి వచ్చేది ఉత్త వేడి. టెక్సాస్ ఎండకి గాజు తొట్టె నిమిషాల్లో ప్రాణం తీసేంత కాగుతుంది. పైగా సాయంత్రం గాజులో తన ప్రతిబింబమే కనబడి ఇంకో మగది వచ్చిందనుకుని గడ్డం నల్లగా చేసుకుంటుంది, తిండి మానేస్తుంది. మూడు వైపులా లోపలి నుంచి కాగితం అంటించండి. ఇసుక కూడా తీసేసి పేపర్ టవల్ పరవండి. పురుగుతో పాటు మింగిన ఇసుక పేగుల్లో అడ్డుపడుతుంది, చలిలో ఉన్న పిల్లకి మరీను.

ఆస్టిన్_పురుగులడబ్బా:

పైన చెప్పిన వేడి, యూవీబీ సరయ్యాకే ఇది మొదలుపెట్టండి.

సూపర్‌వర్మ్ ఎందుకు వద్దంటే: కొవ్వు ఎక్కువ, పెంకు గట్టి, కాల్షియం కంటే ఫాస్ఫరస్ పది రెట్లకు పైనే. పెరిగే ఎముకకి దీనికి తలకిందులు కావాలి, ఫాస్ఫరస్ ఒక పాలైతే కాల్షియం రెండు పాళ్ళు. తిండిలో ఫాస్ఫరస్ మితిమీరితే ఒళ్ళు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. పైగా 8 అంగుళాల పిల్లకి ఆ పురుగు పెద్దది. రెండు కళ్ళ మధ్య దూరం కంటే పొడవైన పురుగు ఏదైనా వేయొద్దు.

ఏవి వేయాలి? రోజువారీకి చిన్న డూబియాలు, పావు అంగుళం నుంచి అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల వరకు. వాటికి తోడు బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు. ఈ పురుగుల్లో కాల్షియం సహజంగానే ఎక్కువ, మిగతా వాటిలా లోటు ఉండదు. ఇవి వెచ్చగా ఉంటే నల్లబడి ఈగలైపోతాయి, 50, 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే చోట దాచండి (ఈగల్ని తిన్నా ప్రమాదం లేదు, వేటాడటం దానికి సరదా). డూబియాల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, చస్తాయి.

డూబియా నచ్చకపోవడానికి కారణం చాలాసార్లు రుచి కాదు. భయమేసినప్పుడు అది కదలకుండా బిగుసుకుపోతుంది, కదలని దాన్ని పిల్ల డ్రాగన్ తిండిగా గుర్తించదు. నున్నటి, ఎత్తు గోడల తెల్ల గిన్నెలో వేయండి. జారిపోయి మళ్ళీ మళ్ళీ ఎక్కబోతుంది, ఆ కాళ్ళ కదలిక చాలు. లేదా ప్లాస్టిక్ మొన ఉన్న పటకారుతో వెల్లకిలా పట్టుకుని కళ్ళకి రెండు అంగుళాల ముందు కాళ్ళాడేలా చూపండి. మూతికి ఆనించకండి, నేరుగా పైనుంచి చెయ్యి దించకండి. దానికి పైనుంచి వచ్చేదేదైనా గద్దే.

రోజు ఇలా నడపండి. లైటు వేయగానే ఆకుల గిన్నె పెట్టండి. గంట, గంటన్నర ఎండ కాగాక మొదటి పూట పురుగులు. పది పదిహేను నిమిషాల్లో తిన్నంత, మిగిలినవి తీసేయడమే. ఆకలి మీదున్న పిల్ల ఒక పూటకి 8 నుంచి 15 చిన్న డూబియాలు తింటుంది, కానీ అంకె కంటే ఆ పది పదిహేను నిమిషాలే కొలత. ఇంకో పూట మధ్యాహ్నం. లైటు ఆపే ముందు రెండు గంటల్లో ఏమీ వద్దు, చల్లబడ్డ కడుపులో తిండి అరగదు. తినకుండా మిగిలిన చిమ్మటల్ని రాత్రి లోపల వదిలేస్తే నిద్రలో దాని వేళ్ళు, కనురెప్పలు కొరుకుతాయి.

ఇంకొకటి: పురుగు తిన్నదే మీ డ్రాగన్ తింటుంది. దుకాణం నుంచి వచ్చిన డూబియా కడుపు ఖాళీగా ఉంటుంది. వేయడానికి 24 నుంచి 48 గంటల ముందు కొలార్డ్ (క్యాబేజీ జాతి) ఆకు, క్యారట్, చిలగడదుంప, కాల్షియం కలిపిన పురుగుల మేత పెట్టండి. బంగాళాదుంప ముక్క ఒక్కటే పడేస్తే దాహం తీరుతుంది తప్ప కాల్షియం రాదు.

ఆకుల మాట. మీరు పెట్టిన రెండూ పొరపాటు ఆకులే, తినకపోవడమే మంచిదైంది. పాలకూర, గోంగూర, చుక్కకూర, తోటకూర, బచ్చలి, వీటన్నిట్లో ఆక్జలిక్ ఆమ్లం ఎక్కువ. అది కడుపులో కాల్షియాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది, మీరు అద్దిన పొడి వృథా. ఐస్‌బర్గ్ లెట్యూస్ ఉత్త నీళ్ళు. వీటి బదులు కొలార్డ్, టర్నిప్ ఆకు, ఆవాకు, డాండెలియన్ ఆకు, బటర్‌నట్ గుమ్మడి తురుము. ఇండియన్ స్టోరులో అయితే కొత్తిమీర, అప్పుడప్పుడు మునగాకు, కాస్త మెంతికూర. మందులు కొట్టని మందార పువ్వుంటే రేకలు వేయండి, ఎరుపు చూస్తే వదలదు. అవకాడో విషం, ఎప్పుడూ వద్దు. పాలు, పెరుగు, అన్నం లాంటివి పిల్లలు ముద్దుగా పెట్టబోతారు, పెట్టనివ్వకండి.

కాడలు తీసేసి ఆకు మెత్తటి భాగాన్నే దాని తలలో సగం సైజుకి తరగండి. తడి చేత్తో చిలకరిస్తే నీళ్ళ బొట్ల మెరుపుకి నాకుతుంది, నాకుతూ ఆకు పట్టుకుంటుంది. ఇంకా గట్టి ఉపాయం: ఆకుల మధ్య ఐదారు బ్లాక్ సోల్జర్ పురుగులు వదలండి. అవి కదులుతుంటే ఆకూ కదులుతుంది, పురుగు కోసం కొరికితే నోట్లోకి ఆకు కూడా వెళ్తుంది. ఈ వయసులో తిండిలో మూడు వంతులు పురుగులే ఉంటాయి, ఆకు పావు వంతు. ఏడాది దాటాక ఇది తిరగబడుతుంది. అందుకే ఇప్పుడు తినకపోయినా రోజూ తాజా గిన్నె పెడుతూనే ఉండాలి.

డాలస్_డ్రాగన్స్:

సూపర్‌వర్మ్స్ ఆపేసి వారం రోజులు ఏమీ పెట్టకుండా వదిలేయండి, ఆకలికి తట్టుకోలేక అన్నీ తింటుంది.

సరీసృపాల_నర్సు:

పై సలహా పెద్ద డ్రాగన్‌కి చెల్లుతుందేమో, 22 గ్రాముల పిల్లకి చెల్లదు. దీనికి ఒంట్లో నిల్వలుండవు. వారం పస్తు పెడితే నీరు తగ్గి, కండ కరిగి, ఆ తర్వాత తిండి పెట్టినా తీసుకోలేని స్థితికి వస్తుంది. సూపర్‌వర్మ్స్ ఆపడం సరే. ఆపి, రోజూ రెండు పూటలా సరైన పురుగులు ముందుంచాలి. వేడి సరిగ్గా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు మొండికేసినా పరవాలేదు. మూడో రోజు కూడా ఏమీ ముట్టకపోయినా, బరువు 2 గ్రాములు తగ్గినా వెట్ దగ్గరికి వెళ్ళండి. పెద్దవాటిలా చలికాలపు నిద్రలోకి వెళ్ళిందని ఈ వయసులో సరిపెట్టుకోకూడదు.

పొడి గురించి. టీ5 ట్యూబు వచ్చాక డీ3 లేని కాల్షియం వారానికి ఐదు రోజులు, ఒక పూట పురుగులకి. ఆరో రోజు డీ3, విటమిన్ ఏ ఉన్న మల్టీవిటమిన్. ఏడో రోజు ఏమీ వద్దు. డీ3, ఏ రెండూ ఒంట్లో పేరుకుపోయే విటమిన్లు. డీ3 రోజూ పడితే కాల్షియం మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో గడ్డకడుతుంది. ట్యూబు వచ్చేదాకా మాత్రం మీ దగ్గరున్నది కొనసాగించండి. పురుగుల్ని జిప్ కవర్లో వేసి చిటికెడు పొడితో ఒకసారి కదపండి, ముగ్గు పిండి పలచగా రాలినట్టు ఉంటే చాలు. పొడి మందంగా పడితే చేదుకి ఉమ్మేస్తుంది, పేచీ అని మనం అనుకునే వాటిలో ఇదొకటి. అద్దిన వెంటనే తినిపించాలి, ఆలస్యమైతే చిమ్మటలు ఒళ్ళు శుభ్రం చేసుకుంటాయి.

ఎముకల జబ్బు గుర్తులు ఇవాళే చూడండి. కింది దవడ అంచుని వేలితో అతి మెల్లగా తాకితే గట్టిగా ఉండాలి, వంగకూడదు. నడిచేటప్పుడు పొట్ట నేల నుంచి లేవాలి. వేళ్ళలో, కాళ్ళలో వణుకు, ముంజేయి ఉబ్బు, తోక మెలిక, ఇవేవి కనిపించినా ఇంట్లో పొడి పెంచి చూద్దామనుకోకండి, అదే రోజు వెట్.

బరువు వారానికి ఒకసారి, ఒకే వేళకి, తిండికి ముందు. గ్రాములు చూపే చిన్న తూకం, దాని మీద ఖాళీ డబ్బా పెట్టి సున్నా చేసి డ్రాగన్ని దింపండి. ఆ తూకం, ఆ డబ్బా వంటింట్లో వాడొద్దు. వీటి మలంలో సాల్మొనెల్లా ఉండొచ్చు. పట్టుకున్నాక బాబు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. ఐదేళ్ళ లోపు పిల్లలు అసలు తాకకుండా చూసుకోండి.

ప్లేనో_అమ్మ:

చాలా ధన్యవాదాలండి. గన్‌తో చూస్తే రాయి 88 ఉంది! ఇంకో రాయి పేర్చాక 97కి వచ్చింది. హాలోజన్, ట్యూబు ఆర్డర్ చేశాను. దవడ గట్టిగానే ఉంది, వణుకు లేదు. రెండు సందేహాలు: పెరట్లో టమాటా మొక్కల మీద లావుపాటి పచ్చ పురుగులున్నాయి, దుకాణంలో అమ్మే హార్న్‌వర్మ్ లాగే ఉన్నాయి, పెట్టొచ్చా? బాబు సాయంత్రాలు మిణుగురుల్ని పట్టి సీసాలో వేస్తున్నాడు, అవి వేద్దామంటున్నాడు.

బల్లిబడి:

మిణుగురు ఒక్కటంటే ఒక్కటి కూడా వద్దు. దాని ఒంట్లోని విషం గుండెని ఆపేస్తుంది. ఒక్క మిణుగురు తిన్న బియర్డెడ్ డ్రాగన్లు గంటల్లో చనిపోయాయి, విరుగుడు లేదు. ఆ సీసా డ్రాగన్ ఉన్న గదిలోకే రాకూడదని బాబుకి గట్టిగా చెప్పండి. వేసవి రాత్రి ఒక మిణుగురు తొట్టెలో పడినా చాలు.

టమాటా పురుగులూ వద్దు. అవి ఆ ఆకులు తింటాయి కాబట్టి ఆకుల విషం వాటి కడుపులో ఉంటుంది. అమ్మేవి ప్రత్యేకమైన మేత మీద పెంచినవి, అందుకే సురక్షితం. అసలు తినని పిల్లకి దుకాణంలో దొరికే హార్న్‌వర్మ్ మంచి ఎర. నీలి పచ్చ రంగు, మెత్తటి ఒళ్ళు, ఎక్కువ భాగం నీళ్ళు. చిన్నది ఒకటి చూపించి, నోరు తెరిచి తింటుండగా వెంటనే డూబియా అందిస్తే చాలావరకు అదే ఊపులో పట్టేస్తుంది. నీళ్ళే కాబట్టి అదే భోజనం కాకూడదు, వారానికి రెండు మూడు చాలు. వెచ్చని చోట ఉంచితే రోజుల్లోనే వేలంత అవుతాయి, 55 డిగ్రీల దగ్గర దాచండి.

97 ఇంకా చాలదు. హాలోజన్ వచ్చాక 105 దాటించండి. మొదటి గంట దగ్గరుండి చూడండి. నోరు కాసేపు తెరిచి కూర్చోవడం మామూలే, చల్ల వైపుకి పరుగెత్తి అక్కడే నోరు తెరిస్తే మాత్రం వేడి ఎక్కువైనట్టు.

భాగ్యనగరం_బల్లులు:

హైదరాబాద్ నుంచి చదివేవాళ్ళ కోసం ఒక మాట. ఇక్కడ చాలా ఇళ్ళలో ఉండేది ఆకుపచ్చ ఇగువానా. పై పురుగుల లెక్క దానికి పనికిరాదు. ఇగువానా పిల్ల అయినా పూర్తి శాకాహారి. పురుగులు, గుడ్డు, పిల్లి మేత పెడితే పైకి త్వరగా పెరిగినట్టు కనిపిస్తుంది, తర్వాత మూత్రపిండాలు చెడతాయి. దానికి రోజూ ఆకులే: ఆవాకు, ముల్లంగి ఆకు, మునగాకు, మందార ఆకులు, గుమ్మడి తురుము, తరిగిన బీన్స్. ఇగువానా సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోది కాబట్టి 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ 2.0 పోర్టల్లో నమోదు చేయించాలి. ఉడుము, ఊసరవెల్లి లాంటి మన అడవి జంతువుల్ని ఇంట్లో పెంచడం నేరం, ఎవరు తెచ్చిచ్చినా తీసుకోవద్దు.

సరీసృపాల_నర్సు:

ప్లేనో గారూ, వేడి సరయ్యాక రెండు వారాల్లో బరువు పెరగడం మొదలవ్వాలి. బాగా తింటూ కూడా పెరగకపోయినా, మలం నీళ్ళగా, భరించలేని వాసనతో వస్తున్నా పరాన్నజీవుల పరీక్ష చేయించాలి. డ్రాగన్ పిల్లల్లో కాక్సిడియా అనే పరాన్నజీవి చాలా మామూలు, పేగుల్లోనే ఉండి తిండిని ఒంటపట్టనివ్వదు. మలాన్ని పడిన వెంటనే ప్లాస్టిక్ చెంచాతో జిప్ కవర్లోకి తీసి, ఆరిపోకుండా తడి దూది ముక్క పక్కన పెట్టి, ఇంకో కవర్లో వేసి ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్లో కాదు. 24 గంటల లోపు వెట్‌కి అందాలి. మలంతో పాటు వచ్చే తెల్లటి భాగాన్ని (గట్టిపడ్డ మూత్రం) కూడా కలిపే తీసుకెళ్ళండి. అది పసుపు, నారింజ రంగులో గట్టిగా ఉంటే ఒంట్లో నీరు తక్కువ. ఆ రోజుల్లో ముక్కు కొన మీద డ్రాపర్‌తో ఒక్కో బొట్టు వేస్తే తనంతట తానే నాకుతుంది, నోరు తెరిచి పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మామూలు కుక్కల, పిల్లుల వెట్ కాకుండా సరీసృపాలు చూసేవారినే వెతకండి. ఏఆర్‌ఏవీ అనే సరీసృపాల వైద్యుల సంఘం సైట్‌లో మీ జిప్ కోడ్‌కి దగ్గర్లో ఉన్నవాళ్ళు దొరుకుతారు. వెళ్ళేటప్పుడు బరువుల చీటీ, తొట్టె ఫొటో, మీరు వాడే పొడుల డబ్బాల ఫొటోలు తీసుకెళ్ళండి.